నిశాని

బ్రాడీపేట నాలుగో లైను, పదమూడో అడ్డరోడ్డు.
పొద్దున్నే పాల ప్యాకెట్లు లోపల పెట్టి,
కరివేపాకు కుండీకి చెంబెడు నీళ్ళు పోసి,
పేపర్లో ముందు సంతాపాల పేజీ చదివి
("ఇంకా మన పేరు రాలేదా?" అంటుంది వకుళ),
భోజనాల బల్ల మీద మా వాళ్ళందర్నీ పరుస్తాను.

పదకొండింటికి వకుళ గోంగూర కట్టలు తెచ్చి
"మీ తాతల్ని కాస్త జరపండి" అంటుంది.
జరుపుతాను.
ఆకు వలుస్తూ అడుగుతుంది,
ఇవాళ కొత్తగా ఎవరు పుట్టారని.

మా ఇంటిపేరు పడమటి.
దేనికి పడమర? ఏ వాగుకి? ఎవరి దొడ్డికి?
నలభై ఏళ్ళు సంతకంలో రాశానే గానీ
ఒక్కసారీ అటు తిరిగి చూడలేదు.
అడుగుదామని పొన్నూరు ఫోన్ చేస్తే
బాబాయి కొడుకు భాస్కరం గొంతు తగ్గించాడు:
"పొలం గొడవ ఏమన్నా ఉందా అన్నయ్యా? నిజం చెప్పు."
లేదురా, ఊరికే.
"ఊరికే ఎవరడుగుతారు?"
మర్నాడు వాళ్ళావిడ మా ఆవిడకి ఫోన్ చేసి
బావగారి ఒంట్లో బాగుందా అని వాకబు.

తొంభై దాటిన మేనత్త రత్తాయమ్మ మాత్రం
చెవి మిషను సర్దుకుని కూర్చుంది.
మగవాళ్ళకి పేర్లు చెప్పింది, ఆడవాళ్ళకి ఊళ్ళు.
"వాడి పెళ్ళాం నిడుబ్రోలుది.
మీ ముత్తాత పెళ్ళాం కాకుమానుది,
చామనచాయ, చెయ్యి పెద్దది."
పేరేంటత్తయ్యా?
"పేరుకేం, కాకుమానామె అనేవాళ్ళు."
నా నోట్‌బుక్కులో సగం గళ్ళు
ఆర్టీసీ బస్సు బోర్డులా ఉన్నాయి.

అత్తయ్య ట్రంకుపెట్టె అడుగున, మందుచీటీల మధ్య,
నాలుగు మడతల అప్పుపత్రం.
నలభై రూపాయలు. నూటికి రూపాయి వడ్డీ.
పాడిగేదె, దాని దూడ తనఖా.
కింద: పడమటి పున్నమ్మ నిశాని.
పక్కన చింతగింజంత నల్లటి ముద్ర.

ఆ ముద్ర చదవడం నాకొచ్చు.
ముప్పై మూడేళ్ళు రిజిస్ట్రారాఫీసులో
నా పని అదే.
వచ్చినవాళ్ళ ఎడమ బొటనవేలు పట్టుకోవడం,
ప్యాడు మీద దొర్లించడం, పుస్తకంలో నొక్కడం.
వదులుగా పెట్టమ్మా, బిగబట్టకు.
మిరపకాయలు కోసి మండే వేళ్ళు,
సున్నం తిన్న వేళ్ళు,
పొలం అమ్ముతూ వణికే వేళ్ళు.
మొహాలు ఒక్కటీ గుర్తులేవు.

పున్నమ్మ గీతల్ని అడ్డంగా తెంచుతూ
తెల్లటి చార. కొడవలి గాటు.
కుడిచేత్తో కోసేవాళ్ళకి అక్కడే తెగుతుంది.
అంచులు అలుక్కుపోయాయి. బిగబట్టింది.
ఎవడో నాలాంటివాడు విసుక్కునే ఉంటాడు,
తలెత్తకుండా.

ఫిబ్రవరిలో, యార్డుకి మిర్చి లారీలు మొదలై
ఊరంతా తుమ్ముతున్న రోజున,
బతికే ఉన్నానని చెప్పడానికి ట్రెజరీకి వెళ్ళాను.
మిషను మీద వేలు పెట్టాను. ఎర్రదీపం.
తుడిచి పెట్టాను. ఎర్రదీపం.
"గీతలు అరిగిపోయాయి సార్" అంది కౌంటర్లో అమ్మాయి.
నా గీతలు!
నూరేళ్ళ కిందటి పున్నమ్మ ఉంది, నేను లేను.
వెనక లైన్లో ఎవరో నిమ్మచెక్క రుద్దమన్నారు.
ఆ అమ్మాయి తడిగుడ్డతో నా వేలు తుడిచి,
పట్టుకుని, మెల్లగా ఆనించి,
"వదులుగా పెట్టండి, బిగబట్టకండి" అంది.
మొహం చూశాను.
కనుబొమ్మలో పాత గాటు, కళ్ళకింద నిద్రలేమి.
పేరడిగాను.
ఫిర్యాదేమో అనుకుని కాస్త ఆగి,
"జెసింత అండీ" అంది.
ఐదోసారికి పచ్చదీపం.

ఇంటికొచ్చి, కాకుమానుది అన్న గడిలో
పెన్సిలుతో పున్నమ్మ అని రాసి
పక్కన ప్రశ్నార్థకం పెట్టాను.
ఆవిడో కాదో అత్తయ్యకి తెలీదు.
అప్పు తీరిందో, గేదె పోయిందో
ఏ కాగితమూ చెప్పదు.

వంటింట్లోంచి వకుళ గొంతు:
"మా అమ్మమ్మ పేరు ఎక్కించారా
మీ పుస్తకంలో?"

ముప్పై తొమ్మిదేళ్ళ కాపురం.
పెన్సిలు పట్టుకుని అలాగే కూర్చున్నాను.
ఆవిడది రేపల్లె.